పొన్నియిన్ సెల్వన్: సినిమాలో వందియదేవుడికి అన్యాయం జరిగిందా?

పెన్నేటి_పాఠకుడు (కడప)

తమిళ రచయిత కల్కి నవల ఐదో భాగం పూర్తయింది. పుస్తకం మూసిన వేడి తగ్గకముందే రెండు సినిమాలూ మళ్లీ పెట్టుకుని చూశాను. సినిమా బాగా లేదని గొడవ పెట్టుకోవడానికి రాలేదు. రవివర్మన్ కెమెరా, రెహమాన్ నేపథ్య సంగీతం, రెండింటికీ జాతీయ అవార్డులు ఊరికే రాలేదు. నా ఫిర్యాదు వేరే. నవల ఎవరి కళ్లతో నడుస్తుందో ఆ కళ్లను మణిరత్నం తీసేశాడు.

చదవనివాళ్ల కోసం మొదటి అధ్యాయం చెబుతా. ఆడి నెల పద్దెనిమిదో రోజు, కొత్తనీళ్ల పండగ. వీరనారాయణ చెరువు కట్ట మీద ఒక కుర్రవాడు అలసిన గుర్రం మీద వస్తుంటాడు, అతనే వందియదేవుడు. అతని నడుముకు రెండు లేఖలు. ఒకటి తంజావూరులో మంచాన పడ్డ సుందర చోళ చక్రవర్తికి, ఇంకోటి పళైయారైలో ఉన్న యువరాణి కుందవైకి. అంతే. దేశంలో ఏం జరుగుతోందో అతనికీ తెలీదు, మనకూ తెలీదు. ఆ రాత్రి కడంబూరు కోటలో ఆగింది కూడా అది స్నేహితుడు కందమారన్ ఇల్లు కాబట్టి. నిద్ర పట్టక లేచి చూస్తే సామంతులంతా చేరి తర్వాతి రాజు ఎవరో తేల్చుకుంటున్నారు. రాణి కూర్చుందనుకున్న మూసిన పల్లకిలోంచి చక్రవర్తి పెదనాన్న కొడుకు మధురాంతకుడు దిగుతాడు. అప్పుడు మన గుండె కూడా జల్లుమంటుంది.

సినిమాలో ముందు తోకచుక్క, తర్వాత యుద్ధం, తర్వాత చక్రవర్తి పెద్దకొడుకు కరికాలుడు. అక్కడ ఏదో కుట్ర జరుగుతోంది చూసి రమ్మని కరికాలుడే వందియదేవుణ్ణి కడంబూరుకు పంపిస్తాడు. అంటే అతను వెళ్లేసరికే మనకు విషయం తెలుసు. కార్తీ ఎంత బాగా చేసినా ఇక అతను కబురు మోసే మనిషే తప్ప కథ మోసే మనిషి కాదు. మీరేమంటారు?

తుంగభద్ర_తీరం (కర్నూలు)

నేను ఒప్పుకోను అన్నా. కల్కి ఆ నవలను 1950 అక్టోబరు నుంచి 1954 మే దాకా తన వారపత్రికలో రాశాడు. వారం వారం పాఠకుణ్ణి లాగాలి. దానికి తెలియనితనం కావాలి, గుర్రం మీద తిరిగే ఒక కుర్రాడు కావాలి. సినిమాకు వచ్చేవాడు టికెట్ కొని కూర్చున్నవాడు. రెండు భాగాలూ కలిపి అయిదున్నర గంటలు. అందులో 293 అధ్యాయాలు ఎట్లా పడతాయి? ఎవరో ఒకరి బాధను నడిమధ్యలో పెట్టుకుని మిగతాది దాని చుట్టూ కట్టుకోవాలి. మణిరత్నం కరికాలుడు, అతను ప్రేమించిన నందిని బాధను పెట్టుకున్నాడు. కరికాలుడిగా విక్రమ్ గుర్రం మీద కూర్చుని, ఈ తాగుడూ ఈ యుద్ధాలూ అన్నీ ఆమెను మరవడానికే అని చెప్పుకునే ఆ మాటల దగ్గరే నాకు సినిమా అర్థమైంది.

నవలలో కరికాలుడు ఎప్పుడొస్తాడు? మొదటి భాగంలో చానా దూరం పోయాక మామల్లపురంలో కనిపిస్తాడు. విక్రమ్‌ను పెట్టుకుని అంతసేపు ఆగమంటే థియేటర్లో కుర్చీలు మిగలవు.

అనంతపురం_అక్కయ్య

మీరిద్దరూ పెద్ద పెద్ద మాటలు మాట్లాడుతున్నారు. నాకు ముందు ఎవరు ఎవరో చెప్పండప్పా. మా అత్తతో కలిసి చూశాను. మగపెళ్లివారి చుట్టాలను ఒక్క పూటలో గుర్తుపట్టమన్నట్టు అయింది మా పరిస్థితి. అరుణ్మొళి అంటారు, పొన్నియిన్ సెల్వన్ అంటారు, తర్వాత ఇతనే రాజరాజ చోళుడు అంటారు. ముగ్గురూ ఒకరేనని మాకు ఇంటర్వెల్‌లో తెలిసింది. చిరంజీవి గొంతు వినిపించినంతసేపు బాగానే ఉండింది, ఆయన ఆపేశాక మా అత్త నన్ను అడగడం మొదలుపెట్టింది.

ఇంతకీ ఐశ్వర్యా రాయ్ ఇద్దరెందుకు? ఆ తెల్లజుట్టు మూగ ఆమె ఎవరు?

పెన్నేటి_పాఠకుడు

అక్కా, ఆమె మందాకిని. సుందర చోళుడు రాజు కాకముందు లంక దగ్గర ఒక దీవిలో చిక్కుకుంటే ఆమే కాపాడింది. ఆమెకు మాటలు రావు. ఇద్దరికీ ప్రేమ పుట్టింది. తర్వాత ఆయన్ని తంజావూరుకు తీసుకొచ్చి పట్టం కట్టారు. ఆమె కోడిక్కరై దీపస్తంభం మీంచి సముద్రంలోకి దూకి చనిపోయిందని ఆయన నమ్మాడు. నమ్మి కుమిలిపోయాడు. ఆమె చావలేదు. చిన్నప్పుడు కావేరిలో పడిన రాజు చిన్నకొడుకు అరుణ్మొళిని ఎత్తి ఒడ్డున పెట్టింది కూడా ఆమే. నందిని ఆమె కూతురు, అందుకే ఒకే ముఖం. మంచాన పడ్డ రాజుకు రాత్రిపూట నందిని కనిపిస్తే, చనిపోయిన మందాకిని దయ్యమై వచ్చిందని కేకలు పెడతాడు. నవలలో ఆ రాత్రులు చదువుతుంటే ప్రకాశ్ రాజ్ కన్నా ఎక్కువ జాలి వేస్తుంది.

బీటెక్_బండి (అనంతపురం)

అయ్యా, స్పాయిలర్లు! నేను రెండో భాగం ఇంకా చూడలేదు.

నిర్వాహకుడు

సినిమా వచ్చి ఏళ్లయింది, నవల వచ్చి 70 ఏళ్లు దాటింది. ఈ చర్చలో కథ మొత్తం మాట్లాడుకోవచ్చు. చూడనివాళ్లు చూసి రండి.

టీచరమ్మ_ప్రొద్దుటూరు

వందియదేవుడి సంగతి సరే. అసలు లేకుండా పోయినవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరేం?

మణిమేకలై మొత్తానికే లేదు. కందమారన్ చెల్లెలు. వందియదేవుణ్ణి మనసులో పెట్టుకుని, అతని మీద హత్య నింద పడినప్పుడు ఆ హత్య తానే చేశానని చెప్పిన పిల్ల. చివరికి మతి చెదిరి అతని ఒళ్లోనే ప్రాణం వదులుతుంది. అంత పెద్ద రాజుల కథను కల్కి ఆమె చావు దగ్గర ముగించాడు. సినిమాలో ఆ పాత్రకు ఒక్క నిమిషం లేదు. ఆమె లేకపోవడంతో వందియదేవుడికి కూడా నష్టమే. సినిమాలో అతను ఎంతమంది ఆడవాళ్లతో సరసమాడినా దానికి ధర కట్టే పని లేదు. నవలలో ధర ఉంది.

ఇంకోటి సేందన్ అముదన్. సినిమాలో అట్లా వచ్చి ఇట్లా పోతాడు. నవలలో పూలమాలలు కట్టుకుంటూ, శివుడి పాటలు పాడుకుంటూ, మూగ తల్లిని చూసుకుంటూ బతికే ఈ అమాయకుడే రాజు పెదనాన్న గండరాదిత్యుడికీ ఆయన భార్య సెంబియన్ మహాదేవికీ పుట్టిన అసలు కొడుకు. మధురాంతకుడిగా పెరిగినవాడు మందాకిని కొడుకు, నందినికి కవల. పట్టాభిషేకం రోజు అరుణ్మొళి తన తలకు రావాల్సిన కిరీటాన్ని తీసుకెళ్లి ఈ పూలబ్బాయి తల మీద పెడతాడు. పడవ నడిపే పూంగుళలి అతన్ని పెళ్లాడి రాణి అవుతుంది. సముద్రం మధ్యలో ఒంటరిగా పాడుకునే పిల్ల చోళ రాజ్యానికి రాణి! ఇదంతా తీసేసి సినిమాలో కిరీటాన్ని మధురాంతకుడికే ఇప్పించారు.

తుంగభద్ర_తీరం

టీచర్ గారూ, ఇక్కడ నాకు సినిమానే నచ్చింది. ఆశ లేనివాడికి రాజ్యం ఇవ్వడంలో పెద్ద కష్టం ఏముంది? రాజ్యం కోసం కుట్రలో కూర్చున్నవాడి చేతికే కిరీటం ఇచ్చి, ఇక తీసుకో అనడం గట్టి పని. పైగా మందాకిని కొడుకు మారిపోవడం, కవలలు, పొత్తిళ్లలో మార్పిడి, ఇవన్నీ ఇప్పటి ప్రేక్షకుడి ముందు పెడితే సీరియల్ అంటారు.

శాసనాల_సంచి (కడప)

చదువుతూ కూర్చుందాం అనుకున్నాను, వీలు కాలేదు.

తుంగభద్ర తీరం గారు తెలియకుండానే చరిత్ర వైపు నిలబడ్డారు. ఉత్తమ చోళుడంటే మధురాంతకుడే. గండరాదిత్యుడికీ సెంబియన్ మహాదేవికీ కొడుకు. పిల్లల మార్పిడి కల్కి కల్పన. అంటే ఈ ఒక్క చోట సినిమా నవలను వదిలేసి చరిత్రకు దగ్గరైంది. దానివల్ల కథ బాగుపడిందా అంటే నాకు అనుమానమే. ఉత్తమ చోళుడు రాజయ్యాక అరుణ్మొళి 985 దాకా ఆగాడు. అంతకాలం ఆగగలిగిన మనిషి ఎట్లాంటివాడో చూపించాలంటే కల్కికి ఆ పూలబ్బాయి అవసరమయ్యాడు.

కరికాలుడి చావు దగ్గర మాత్రం నేను గట్టిగా నవల పక్షం. కాట్టుమన్నార్‌కోయిల్ దగ్గర ఉడైయార్‌గుడి గుళ్లో ఒక శాసనం ఉంది. రాజరాజు గద్దెనెక్కిన రెండో ఏట వేయించింది. ఆదిత్య కరికాలుణ్ణి చంపిన ద్రోహుల బంధువుల భూములు లాక్కోవాలని అందులో ఉంది. సోముడు, రవిదాసుడు, పరమేశ్వరుడు అని పేర్లు కూడా ఉన్నాయి. చంపినవాళ్ల పేర్లు దొరికాయి, చంపించింది ఎవరో, ఎందుకో దొరకలేదు. చరిత్రకారులు ఇప్పటికీ దీని మీద కొట్టుకుంటున్నారు. కుందవై పేరు, ఉత్తమ చోళుడి పేరు కూడా లాగినవాళ్లున్నారు.

కల్కి ఆ ఖాళీని ఖాళీగానే ఉంచాడు. కడంబూరు మేడలో దీపం ఆరిపోతుంది. చీకట్లో ఎవరి కత్తి దిగిందో తేల్చడు. ఆ గదిలో నందిని ఉంది, వందియదేవుడు దాక్కుని ఉన్నాడు, రవిదాసుడి మనుషులు ఉన్నారు, నందిని ముసలి భర్త పెరియ పళువేట్టరాయరు వచ్చాడు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు 'నేనే చంపాను' అంటారు. మణిరత్నం ఆ గదిలో దీపం ఆర్పలేదు. కరికాలుడు నందినిని దగ్గరకు తీసుకుని, ఆమె చేతిలోని కత్తికి తనను తానే అప్పగించుకుంటాడు. చూడడానికి గొప్పగానే ఉంది. వెయ్యేళ్లుగా జవాబు లేని ప్రశ్నకు సినిమా జవాబు ఇచ్చేసింది, అదీ ప్రేమ అని. నాకు అది తక్కువ జవాబు అనిపించింది.

బీటెక్_బండి

చూడకముందే చూసినట్టు అయిపోయింది అన్నా. థాంక్స్.

కట్టమీద_కాపరి (పోరుమామిళ్ల)

వందియదేవుడు, నందిని అందరూ అయిపోయారు. నేను చెరువు గురించి మాట్లాడతా. నవ్వుకోండి.

పెన్నేటి పాఠకుడు చెప్పిన వీరనారాయణ చెరువు ఈరోజుకీ ఉంది. వీరాణం అంటారు. ఇప్పుడు చెన్నై నగరానికి తాగునీళ్లు పోతున్నాయి దాంట్లోంచి. దాన్ని తవ్వించింది అరుణ్మొళికి తాత వరస అయిన రాజాదిత్యుడు. రాష్ట్రకూటుల మీద యుద్ధానికి సైన్యాన్ని దించుకుని కూర్చున్నప్పుడు, ఊరికే ఉన్న సైనికుల చేత తవ్వించి తండ్రి బిరుదు పెట్టాడని కల్కి రాస్తాడు. ఆ రాజాదిత్యుడు 949లో తక్కోలం యుద్ధంలో ఏనుగు మీదనే చనిపోయాడు. వందియదేవుడు కట్ట మీద గుర్రం ఆపి 74 తూముల్లోంచి నీళ్లు పారడం చూస్తూ ఇదంతా తలుచుకుంటాడు. అంటే మొదటి నాలుగు పేజీల్లోనే చోళులంటే ఎవరో మనకు తెలిసిపోయింది. వాళ్లు యుద్ధం మధ్యలో చెరువు తవ్వే జాతి. ఆ తర్వాత వాళ్ల కిరీటం గురించి ఎంత కొట్టుకున్నా చదువుతాం.

మా ఊరి చెరువు శాసనం మీకు తెలిసే ఉంటుంది. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు రాయి మీద చెక్కించి పెట్టాడు. అట్లాంటి కట్ట మీద పెరిగిన మనిషికి కల్కి మొదటి అధ్యాయం చదివితే వేరే పరిచయం అక్కర్లేదు. సినిమాలో నది ఉంది, పాట ఉంది, పాట బాగుంది కూడా. నీళ్లు మాత్రం అందం కోసం ఉన్నాయి. నవలలో నీళ్లే పని చేస్తాయి. మొదటి భాగం పేరే కొత్త వెల్లువ. నాగపట్నం చూడామణి విహారంలో అరుణ్మొళి జ్వరంతో పడుకుని ఉంటే తుఫాను వచ్చి ఊరు మునుగుతుంది. దాక్కున్న రాకుమారుణ్ణి బయటికి లాగేది శత్రువులు కాదు, వరద. అదే తుఫానులో పెరియ పళువేట్టరాయరు కొల్లిడం నదిలో కొట్టుకుపోయి ఒక దుర్గ గుడి దగ్గర తేలతాడు. అక్కడ కుట్రగాళ్ల మాటలు చెవిన పడితేనే తన భార్య ఎవరో ఆ ముసలాయనకు తెలుస్తుంది. ఈ వరదకు తగిన చోటు సినిమాలో దక్కలేదు. కరువు సీమ వాడిగా నాకు అదే పెద్ద లోటు.

అనంతపురం_అక్కయ్య

కాపరి అన్నా, నవ్వేం రాలేదు. ఈ చర్చ మొత్తంలో పుస్తకం కొనాలనిపించింది మీ మాటకే.

టీచరమ్మ_ప్రొద్దుటూరు

పెరియ పళువేట్టరాయరు మాట వచ్చింది కాబట్టి ఒక మాట. ఒంటి మీద 64 యుద్ధ గాయాలున్న మనిషి. ముసలితనంలో నందినిని చేసుకుని నవ్వులపాలైనవాడు. నవల మొదట్లో అతనంటే మనకూ నవ్వే. చివరికి వచ్చేసరికి, తాను కాపాడుతున్నాననుకున్న రాజ్యానికి తన ఇంట్లోంచే చేటు వచ్చిందని తెలుసుకుని ఆయన కుంగిపోయే తీరు చదివితే నవ్వినందుకు సిగ్గేస్తుంది. శరత్ కుమార్ రూపం సరిగ్గా సరిపోయింది. ఆ కుంగిపోయే భాగమే ఆయనకు సరిపడా ఇవ్వలేదు.

గండికోట_గాలి (జమ్మలమడుగు)

చాలా బాగా మాట్లాడుతున్నారు కానీ ఒక చిన్న చిరాకు నాది కూడా రాసుకోండి. కొన్ని సీన్లు ఓర్ఛా, గ్వాలియర్ కోటల్లో తీశారు. ఓర్ఛా కట్టింది బుందేలా రాజులు, చోళులకు అయిదారు వందల ఏళ్ల తర్వాత. గుమ్మటాలు, వంపు తిరిగిన కమానులు, వాటి కింద పదో శతాబ్దం చోళ రాకుమారులు నడుస్తుంటే నాకు మనసు ఒప్పలేదు. గండికోటలో మాధవరాయ స్వామి గుడి పక్కనే జామా మసీదు ఉంటుంది. రెండింటి మధ్య తేడా మా ఊరి పిల్లలను అడిగినా చెప్తారు. తోట తరణి సెట్లు వేసిన చోట ఈ ఇబ్బంది లేదు, ఆయన పని ఆయన చక్కగా చేశాడు.

తుంగభద్ర_తీరం

చోళుల రాజభవనం ఒక్కటి కూడా మిగల్లేదన్నా. గుళ్లు మిగిలాయి, మేడలు మిగల్లేదు. ఎక్కడో ఒకచోట తీయాలి గదా.

గండికోట_గాలి

తీయాలి. కమానులు తప్పించి తీయాలి.

శాసనాల_సంచి

మన సీమ వాళ్లకు ఈ కథతో ఇంకో సంబంధం ఉంది, ఎవరూ ఎత్తలేదు. సుందర చోళుడి తల్లి కల్యాణి వైదుంబుల ఆడబిడ్డ. వైదుంబులంటే మన కడప, చిత్తూరు సీమల్లో ఏలినవాళ్లు. కొన్నాళ్లు చోళుల వైపు, కొన్నాళ్లు రాష్ట్రకూటుల వైపు నిలబడ్డారు. సుందర చోళుడికి ఆ అందం తల్లి కల్యాణి నుంచి వచ్చిందని నవలలో కూడా ఉంది. అంటే రాజరాజ చోళుడికి జేజి మన వైపు మనిషి. కరికాలుడి పేరు కూడా మనకు కొత్త కాదు. రేనాటి చోళులు ఎప్పుడో మాలెపాడు శాసనంలో, కావేరికి కట్టలు కట్టించిన పాతకాలం కరికాలుడి వంశం మాది అని చెప్పుకున్నారు. సినిమాలో ఇంత ఇరికించమని అడగను. తెలుగులో విడుదల చేసినప్పుడు ప్రచారంలో ఒక్క మాట చెప్పి ఉంటే మన జనం వేరేగా చూసేవాళ్లు.

పెన్నేటి_పాఠకుడు

జేజి కడప! ఇక ఈ సినిమా మాదే.

తుంగభద్ర_తీరం

ఆగప్పా. జేజి మీదైతే శత్రువు మా వాడు. వేంగిలో 973లో దానార్ణవుణ్ణి చంపి రాజ్యం లాక్కున్న జటాచోడ భీముడు పెదకల్లు తెలుగు చోడుడు. పెదకల్లు కర్నూలు జిల్లా. దానార్ణవుడి కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు పారిపోయి చోళుల దగ్గర తలదాచుకున్నారు. ఆ పిల్లల తరఫున మన పొన్నియిన్ సెల్వన్ వేంగి మీదికి సైన్యాన్ని పంపాడు. 999 నాటికి శక్తివర్మకు గద్దె దక్కింది, మా భీముడి ఆట ముగిసింది. అంతకుముందు పాతికేళ్లు వేంగిని ఏలాడు, అది మరిచిపోవద్దు. మణిరత్నానికి మూడో భాగం కావాలంటే కథ ఇక్కడుంది.

శాసనాల_సంచి

నిజంగానే ఉంది. రాజరాజు తన కూతురికి అక్క పేరే పెట్టుకున్నాడు, కుందవై. ఆమెను విమలాదిత్యుడికి ఇచ్చి పెళ్లి చేశాడు. వాళ్ల కొడుకు రాజరాజ నరేంద్రుడు. నన్నయ చేత భారతం రాయించిన రాజు. అంటే సినిమాలో జయం రవి చేసిన పాత్రకు కూతురి కొడుకు మన ఆదికవికి ఆశ్రయం ఇచ్చినవాడు. ఆ కాలం మీద నోరి నరసింహశాస్త్రి గారి 'నారాయణభట్టు' నవల ఉంది మన భాషలోనే. పొన్నియిన్ సెల్వన్ చదివి ఇంకా ఆకలి తీరనివాళ్లు అది చేతిలోకి తీసుకోండి.

టీచరమ్మ_ప్రొద్దుటూరు

అదే నా బాధ కూడా. తమిళులు ఈ నవలను ఎంత దగ్గర పెట్టుకున్నారో చూడండి. ఎం.జి.ఆర్. 1958లోనే హక్కులు కొని తీయాలనుకున్నారు, జరగలేదు. తర్వాత మణిరత్నం ఒకటికి రెండుసార్లు మొదలుపెట్టి ఆపారు, ఒకసారి మహేశ్ బాబు పేరు కూడా వినిపించింది. అరవై ఏళ్లు వదల్లేదు వాళ్లు. 1999లో తమిళనాడు ప్రభుత్వం కల్కి రచనలను జాతీయం చేసింది. దాంతో ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, అక్కడ ప్రతి పుస్తకాల అంగట్లో తక్కువ ధరకు దొరుకుతుంది. మన అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి', నోరి వారి నవలలు ఇంట్లో ఎంతమందికి ఉన్నాయి? సినిమా తీయడం తర్వాత మాట.

బీటెక్_బండి

టీచర్, మాలాంటి వాళ్లకు సినిమానే దారి. మొదటి భాగం చూడకపోతే కల్కి ఎవరో నాకు తెలీదు. త్రిష, ఐశ్వర్యా రాయ్ ఎదురెదురుగా నిలబడిన ఆ ఒక్క సీన్ కోసం మూడుసార్లు చూశాను. నవలలో కుందవై, నందిని అట్లాగే ఉంటారా?

పెన్నేటి_పాఠకుడు

ఇంకా బాగుంటారు తమ్ముడూ. సినిమాలో ఇద్దరూ అందంతో, నిశ్శబ్దంతో కొట్టుకుంటారు. నవలలో మాటలతో. కుందవై నవ్వుతూ ఒకటి అంటుంది, నందిని ఇంకా తియ్యగా దానికి జవాబిస్తుంది, మధ్యలో ఉన్నవాళ్లకు ఏం జరిగిందో తెలీదు. కుందవైని సినిమా మరీ మంచిదాన్ని చేసిందని కూడా నా అభిప్రాయం. నవలలో ఆమెకు గర్వం ఉంది. చిన్నప్పుడు నందినిని తమ్ముడికీ అన్నకూ దూరంగా ఉంచడంలో ఆమె చెయ్యి ఉంది. ఆ తప్పు ఎక్కడికి దారితీసిందో ఆమెకు తెలుసు. త్రిష కళ్లల్లో అది ఒకటి రెండు చోట్ల కనిపించింది, రాతలో కనిపించలేదు.

తుంగభద్ర_తీరం

నందిని దగ్గర నేను వెనక్కి తగ్గను. నవలలో నందిని మనసులో ఏముందో చివరిదాకా పొగమంచే. పగ ఉందా, ప్రేమ ఉందా, రాజ్యకాంక్షా? కల్కి ప్రతి అధ్యాయానికీ ఒక కొత్త ముసుగు వేస్తాడు. సినిమా ఆమెకు బాల్యం ఇచ్చింది. సారా అర్జున్ చేసిన చిన్న నందిని, గుర్రం మీద వచ్చిన కుర్ర కరికాలుడు, వాళ్లను విడదీసిన పెద్దలు. అది ముందే చూశాం కాబట్టి కడంబూరు మేడలో వాళ్లిద్దరూ ఎదురుపడినప్పుడు నాకు ఊపిరి ఆడలేదు. శాసనాల సంచి గారు దాన్ని తక్కువ జవాబు అన్నారు. చీకట్లో కత్తి ఎవరిదో తెలియకపోవడం డిటెక్టివ్ కథ. తెలిసి కూడా ఇద్దరూ ఆగలేకపోవడం విషాదం. నాకు రెండోదే కావాలి.

శాసనాల_సంచి

మీకు విషాదం కావాలి, నాకు రాజకీయం కావాలి. ఆ హత్య వల్ల ఎవరికి లాభం అని వెయ్యేళ్ల తర్వాత కూడా జనం అడుగుతున్నారంటే అది ఇద్దరి మధ్య విషయం కాదు. కల్కి ఆ అనుమానాన్ని చోళ నాడు మొత్తం మీద పరిచాడు. సినిమా దాన్ని ఒక గదిలోకి తెచ్చింది.

కట్టమీద_కాపరి

వైష్ణవ గూఢచారి ఆళ్వార్కడియాన్ గురించి ఒక్కరూ మాట్లాడరా? జయరాం ఎంత బాగా చేశాడు! నవలలో మొదటిసారి కనపడేది వీరనారాయణపురంలో. శైవుడితోనూ అద్వైతితోనూ వాదం పెట్టుకుని, చివరికి కర్ర ఎత్తుతాడు. మా ఊరి రచ్చబండే. కార్తీ, జయరాం ఇద్దరూ కలిసి ఉన్నంతసేపు సినిమా కూడా నవల లాగే నడిచింది. మొదటి పోస్టులో అన్న అడిగింది అదే కదా, ఆ ఇద్దర్నీ ఇంకొంచెం తిరగనిచ్చి ఉంటే సరిపోయేది.

పెన్నేటి_పాఠకుడు

అదే అదే. లంక దాకా వాళ్లతో తిరిగిన భాగమే నాకు రెండు సినిమాల్లో కలిపి ఎక్కువ నచ్చింది. రెండో సినిమాలో వందియదేవుడు మేడల్లోకి చేరాక ఆ హుషారు తగ్గింది.

అనంతపురం_అక్కయ్య

సరే, నేను చదవడం మొదలుపెడతాను. ఐదు భాగాలూ ఒకేసారి కొనాలా? మూడో భాగం నుంచి సినిమా రెండో భాగం కథ వస్తుందని ఎవరో చెప్పారు, అక్కడి నుంచి చదివితే సరిపోదా?

టీచరమ్మ_ప్రొద్దుటూరు

అట్లా చేయొద్దు. మొదటిది ఒక్కటే కొను. 57 అధ్యాయాలు, అన్నీ చిన్నవి, వారపత్రిక కొలతకు రాసినవి కాబట్టి రాత్రికి రెండు మూడు సులభంగా పోతాయి. పేర్లకు భయపడొద్దు, వందియదేవుడికే మొదట ఎవరూ తెలీదు, నీకూ ఒక్కొక్కరే పరిచయం అవుతారు. మధ్యలో కల్కి కథ ఆపి నీతో నేరుగా మాట్లాడతాడు, చరిత్ర చెప్తాడు, అది విసుగనిపిస్తే ఆ పేరా దాటేసినా నష్టం లేదు. ఐదో భాగమే బాగా లావు, అక్కడికి వచ్చేసరికి నువ్వే ఆగలేవు. మణిమేకలై దగ్గరికి వచ్చాక మాత్రం ఇక్కడికి వచ్చి రాయి. ఆమెను సినిమాలోంచి తీసేయడం సబబేనా అని తుంగభద్ర తీరంతో నాకింకా లెక్క తేలలేదు.

తుంగభద్ర_తీరం

తేలదు టీచర్. ఆమె ఉంటే మూడో భాగం కావాలి. ఆ మూడో భాగం మా జటాచోడ భీముడికి ఇప్పటికే ఇచ్చేశాను.